ముందు ఇంటికప్పు, పిమ్మట ఏ.సి. యంత్రము

(పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో ప్రచారశాఖాధికారి చేసిన ప్రసంగపాఠము)



రోహిణీ కార్తెలో రోళ్ళు పగులునని మన పెద్దలు చెప్పిన మాట మీకు క్రొత్త కాదు. 2015 మే మాసమున వీచిన వడగాడ్పులకు మన దేశమున రెండువేలకు పైగా ప్రజలు మరణించిరి. వారిలో అత్యధికులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములవారే. ఇట్టి ఎండలలో పల్లెలలో సైతము ఏ.సి. యంత్రములు కనిపించుట వింత కాదు. వృద్ధులు, పసిబిడ్డలు, బాలింతలు ఉన్న ఇంట దానిని విలాసవస్తువని కొట్టివేయుటకు వీలులేదు. అయితే యంత్రమును కొనుట ఒక ఎత్తు, దానిని తగిన రీతిని అమర్చుకొనుట మరియొక ఎత్తు. ఈ రెండవ విషయమును గూర్చి నాలుగు మాటలు మనవి చేయుదును.

ముందుగా నా తప్పును చెప్పుకొందును. కొన్ని సంవత్సరముల క్రిందట మా తల్లిగారి కొరకు స్వగ్రామములోని సిమెంటు రేకుల గదిలో 1 టన్ను ఏ.సి. పెట్టించితిని. పగలంతయు నడచినను గది చల్లబడలేదు. కరెంటు బిల్లు మాత్రము మూడింతలైనది. పంకా కొరకు ఏనాడో లాగిన సన్నని తీగకే యంత్రమును కలిపియుండుటచే, ఒక రాత్రి ప్లగ్గు కరగి కాలిన వాసన వచ్చినది. మా అమ్మ మేలుకొని మెయిను స్విచ్చి ఆపుటచే ప్రమాదము తప్పినది. పదిమందికి చెప్పు ఉద్యోగములో ఉండి, తెలిసినవారిని అడుగక నేను చేసిన పని అది. ఆ పొరపాటు మీ గ్రామములో జరుగరాదనియే నా ఆశ.

అసలు ఈ యంత్రము చేయు పని ఏమి? అది చల్లదనమును పుట్టించదు. గదిలోని వేడిని తోడి బయట పోయును. టన్ను అనగా యంత్రము బరువు కాదు. ఒక టన్ను మంచు 24 గంటలలో కరగుటకు ఎంత వేడి కావలెనో, అంత వేడిని అదే కాలములో గదినుండి తొలగింపగల శక్తి అని అర్థము. గట్టు తెగిన మడిలో నీరు నిలుచునా? వేడి విషయమును అట్టిదే. కప్పునుండి, తలుపు సందులనుండి వేడి వచ్చి పడుచుండగా యంత్రము ఎంత తోడినను ఫలితముండదు. కావున మొదట గట్టు వేసికొనవలెను.

ఇంటికి వేడి ఎక్కువగా వచ్చు త్రోవ పైకప్పు. డాబా అయినను, రేకు అయినను, వేసవికి ముందే తెల్లని సున్నము గాని, ఎండను మరల్చు తెల్ల రంగు గాని వేయవలెను. సున్నము వానకు పోవును గనుక ఏటేట వేయవలసియుండును. ఈ పద్ధతిని ప్రోత్సహించుటకు తెలంగాణ ప్రభుత్వము 2023లో చల్లని పైకప్పుల విధానమును ప్రకటించినది. రేకుల గదికి ఇది చాలదు. రేకునకు క్రింద కొంత ఎడముంచి లోకప్పు వేయించి, దానిపై వేడిని ఆపు పలకలు పరపవలెను. థర్మోకోలు చౌకయేగాని నిప్పు త్వరగా అంటుకొనును. దాని దాపున కరెంటు తీగలను గొట్టములో తప్ప విడిగా పోనీయరాదు. పడమటి కిటికీకి బయటివైపున తడిక కట్టవలెను. గుమ్మము క్రింది సందును, గోడ చూరుల నడుమ ఖాళీని మూయవలెను.

ఇట్లు మూసిన గదిలో బొగ్గుల కుంపటి, జనరేటరు వంటివి ఎన్నడును ఉంచరాదు. వాటి పొగలోని విషవాయువు నిద్రలోనే ప్రాణము తీయును.

ఇక యంత్రమును బిగించుట. బయటి పెట్టెను నీడలో, గాలి ధారాళముగా వచ్చుచోట నిలుపవలెను. దానిని మూసిన కొట్టులో పెట్టినచో అది తాను వదలిన వేడిని తానే పీల్చుకొనును. లోపలి పెట్టెకును బయటి పెట్టెకును నడుమ నుండు రెండు రాగి గొట్టములకు విడివిడిగా స్పాంజి తొడుగు ఉండవలెను. తొడుగు లేనిచో గొట్టము చెమర్చి గోడ నానును. గొట్టములలోని గాలిని, తేమను వాక్యూము పంపుతో తీసివేసిన పిమ్మటనే మేస్త్రీ గ్యాసు వదలవలెను. గోడకు చేసిన రంధ్రము బయటికి వాలియుండి, బిగింపు ముగిసిన తరువాత మూయబడవలెను. కారు నీరు మొక్కలకు పనికివచ్చును, త్రాగుటకు పనికిరాదు.

తీగ విషయమున పిసినితనము కూడదు. 1.5 టన్ను యంత్రమునకు మీటరు బోర్డునుండి వేరుగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, తగిన ఎం.సి.బి., మంచి ఎర్తు ఉండవలెను. 2020 జనవరి 1 తరువాత తయారైన స్టారు గుర్తు యంత్రములు మొదట 24 డిగ్రీలకే అమర్చబడియుండును. అంతకు తగ్గింపక పంకా కూడ త్రిప్పుకొనిన సుఖముగా ఉండును, ఖర్చును తగ్గును.

సభ్యులారా! ఇంతవరకు చెప్పినది ఇంటి యజమాని పని. ఇక మీ పని వినుడు. 1.5 టన్ను యంత్రము పూర్తిగా నడచునపుడు సుమారు ఒకటిన్నర కిలోవాట్లు లాగును. 25 కె.వి.ఎ. ట్రాన్స్‌ఫార్మరుపై పది యంత్రములు ఒకేసారి నడచిన, దాని శక్తిలో సగమునకు పైగా వాటికే పోవును. మిగిలిన ఇండ్ల పంకాలు నెమ్మదించును, దీపములు మసకబారును. యంత్రము లేని పేదవాడు ఉన్న గాలిని కూడ కోల్పోవును. కావున యంత్రము పెట్టుకొనువారు అదనపు లోడు నమోదు చేయించుకొనునట్లు చూడుడు. ఫాల్గుణములోనే లెక్క తీసి విద్యుత్ పంపిణీ సంస్థవారికి విన్నవింపుడు. ట్రాన్స్‌ఫార్మరు కాలిపోయిన తరువాత పెట్టు అర్జీకంటె ముందు పెట్టు అర్జీ మేలు.

పంచాయతీ కార్యాలయము, పాఠశాల, అంగన్‌వాడీల కప్పులకు మొదట సున్నము వేయింపుడు. చూచినవారు తమ ఇండ్లకును వేసికొందురు. వడగాడ్పుల దినములలో పంచాయతీ గదినొకదానిని చల్లగా ఉంచి, రేకుల ఇండ్లలోని వృద్ధులను మధ్యాహ్నము అచటికి పిలువుడు.

మా అమ్మ గదికి లోకప్పు వేయించి, తీగ మార్పించితిని. ఇప్పుడు అదే 1 టన్ను యంత్రము రాత్రి కొన్ని గంటలు నడచిన చాలుచున్నది. పగలు చాలవరకు పంకాతోనే గడచుచున్నది. తప్పు నాది, ఖర్చు నాది. దానినుండి కలుగు మేలు మాత్రము మీ అందరిది కావలెనని కోరుచు సెలవు తీసికొనుచున్నాను.