వెనక హబ్బు ముందే చెబుతుంది, మనమే వినం

పోయిన ఎపిసోడ్‌లో బ్రేకుల గురించి మాట్లాడుకున్నాం. ఈసారి గేర్లు సెట్ చేసుకోవడం చూపిస్తానని మాటిచ్చాను గానీ, మధ్యలో మా ఇంట్లో ఒక సంగతి జరిగింది. అందుకని గేర్లు వచ్చేసారి చూద్దాం. ఈ రోజు మౌంటెన్ బైక్ వెనక హబ్బు గురించి చెబుతాను.

ఇదిగో, నా చేతిలో ఉన్నది చూడండి. వెనక చక్రం మధ్యలో ఉండే హబ్బు ఇదే. చువ్వలన్నీ దీనికే బిగిస్తారు. ఇది మా అక్క కొడుకు సైకిల్‌ది. నాలుగేళ్ళ క్రితం సెకండ్ హ్యాండ్‌లో నేనే కొనిచ్చాను.

మేం ఉండేది మద్దిలపాలెంలో. వాడు పొద్దున్నే లేచి ఇసుకతోట, వెంకోజిపాలెం మీదుగా హనుమంతవాక వెళ్ళి, అక్కణ్ణుంచి కైలాసగిరి ఎక్కి దిగుతాడు. ఒక రోజు వచ్చి, "మామయ్యా, పెడల్ ఒక్కోసారి ఖాళీగా తిరిగిపోతోంది" అన్నాడు. "చైను సాగుంటుందిరా, మార్పించుకో" అన్నాను. మార్పించాడు. వారం తర్వాత మళ్ళీ, "చైను మార్చినా అలాగే ఉంది మామయ్యా" అన్నాడు. "ఆదివారం విప్పి చూద్దాంలే" అన్నాను.

శనివారం పొద్దున్నే కైలాసగిరి ఎత్తు మీద సీటు మీంచి లేచి నిలబడి తొక్కుతున్నాడు. పెడల్ జారిపోయింది. కాలు కిందికి పడింది, ఛాతీ హ్యాండిల్‌కి కొట్టుకుంది, మనిషి రోడ్డు మీదికి పడ్డాడు. వెనకాల వస్తున్న కారాయన సమయానికి బ్రేకు వేశాడు కాబట్టి మణికట్టు ఎముక విరగడంతో పోయింది. ఆరు వారాలు కట్టు. అక్క నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అదే ఎక్కువ బాధగా ఉంది.

సరే, అసలు లోపల ఏం జరుగుతుందో చూద్దాం. పెడల్ ముందుకి తొక్కితే చక్రం తిరగాలి. తొక్కడం ఆపితే చక్రం తన మానాన తాను తిరగాలి. ఈ రెండు పనులూ చేసేవి హబ్బు లోపల ఉండే చిన్న చిన్న నాలుకలు. పాల్స్ అంటారు. ఒక్కోటి గోరంత ఉంటుంది. కింద ఒక సన్నటి స్ప్రింగు వాటిని పైకి నెడుతుంది. అవి చుట్టూ ఉన్న పళ్ళలో పడి పట్టుకుంటాయి. తొక్కడం ఆపినప్పుడు టిక్ టిక్ టిక్‌మని వినిపించేది ఆ నాలుకలు పళ్ళ మీంచి జారే చప్పుడే.

వాటి మీద ఎంత బరువు పడుతుందో లెక్క చూడండి. 60 కిలోల మనిషి లేచి నిలబడితే, పెడల్ కడ్డీ 170 మిల్లీమీటర్ల పొడవు అనుకుంటే, ముందు పళ్ళచక్రం దగ్గర 100 న్యూటన్ మీటర్ల మెలి వస్తుంది. ఎత్తు ఎక్కేటప్పుడు చిన్న గేరు వేస్తాం కదా, ముందు 24 పళ్ళు, వెనక 28 పళ్ళు. అప్పుడు హబ్బు దగ్గర అది 117 దాకా వెళ్తుంది. చిన్న కారు చక్రం నట్టు బిగించే బిగువు దాదాపు అంతే ఉంటుంది. ఆ మొత్తాన్నీ మోసేది ఈ రెండు మూడు నాలుకలు. అందులో ఒకటి సరిగ్గా లేవకపోతే బరువంతా రెండోదాని అంచు మీద పడుతుంది. ఆ అంచు అరిగిపోతే ఇక జారడమే.

ఈ హబ్బుని మా వీధి చివర సైకిల్ షాపు బాబాయ్ దగ్గరికి పట్టుకెళ్ళాను. దీని లోపలి రింగుకి మర తిరగేసి ఉంటుంది, కుడివైపు తిప్పితే వదులవుతుంది. ఆయన అలా విప్పి చూసి, "ఇదేటి బాబూ, ఇందులో ఇంత గ్రీజు ఎవరెట్టేరు?" అన్నాడు. నేనే బాబాయ్ అన్నాను. "బాల్స్‌కి ఎట్టాలి గానీ దీనికెట్టకూడదు. గ్రీజు ముద్దలో ఈ నాలుకలెలా లేస్తాయి?" అన్నాడు.

అదీ సంగతి. కిందటేడు బాల్స్ మార్చినప్పుడు, మంచిదే కదా అని దీన్నిండా చిక్కటి గ్రీజు కూరింది నేనే. దానికి మన ఊరి ఉప్పుగాలి, బీచ్ రోడ్డు ఇసుక, వాన నీళ్ళు తోడయ్యాయి. పైగా మావాడు నెలకోసారి మోటార్ సైకిళ్ళకి వాటర్ సర్వీసింగ్ చేసేచోట ప్రెషర్ నీళ్ళతో కడిగించేవాడు. ఆ నీళ్ళు సీళ్ళు దాటి లోపలికి వెళ్ళిపోతాయి. అంతా కలిసి ఇటిక రంగు బంకయ్యింది. ఒక నాలుక ఆ బంకలో ఇరుక్కుపోయింది. రెండోదాని అంచు, ఇదిగో దగ్గరగా చూపిస్తున్నాను, గుండ్రంగా అరిగిపోయింది.

ఇప్పుడు మీరు ఇంట్లోనే చేసుకోగల పరీక్షలు మూడు చెబుతాను. పానా కూడా అక్కర్లేదు.

మొదటిది. వెనక బ్రేకు గట్టిగా పట్టుకుని, పెడల్ మీద చేత్తో బలంగా నొక్కండి. పెడల్ స్థానం మార్చి మార్చి ఓ పదిసార్లు చేయండి. జారితే ఎక్కడ జారుతోందో చూడండి. చైను పళ్ళ మీంచి ఎగిరితే తప్పు చైనుదో పళ్ళదో. చైనూ పళ్ళూ కలిసి ముందుకి తిరిగి చక్రం మాత్రం కదలకపోతే తప్పు హబ్బుది. ఈ ఒక్క తేడా నేను ఆ రోజే చూసుంటే చైను డబ్బులూ మిగిలేవి, వాడి చెయ్యీ బాగుండేది.

రెండోది. వెనక చక్రం పైకెత్తి తిప్పి వదలండి. టిక్ టిక్ చప్పుడు ఒకే తాళంలో రావాలి. మధ్యమధ్యలో మింగేసినట్టున్నా, మరీ మెత్తగా అయిపోయినా లోపల ఏదో అంటుకుందని అర్థం. ఫ్రీగా తిరగాల్సింది పట్టేసి, పెడల్ కూడా తోడుగా తిరుగుతున్నా అదే.

మూడోది. చక్రం పైభాగం పట్టుకుని అటూ ఇటూ ఊపండి. టక్కుటక్కుమని కదిలితే కోన్‌లు వదులయ్యాయి, లేదా బాల్స్ అరిగాయి, లేదా యాక్సిల్ వంగింది. యాక్సిల్ విప్పి అద్దం మీద దొర్లిస్తే వంకర తెలిసిపోతుంది.

యాక్సిల్ మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. తక్కువ ధర గేర్ సైకిళ్ళలో హబ్బుకి ఫ్రీవీల్ విడిగా మర వేసి బిగిస్తారు. అందులో కుడివైపు బాల్స్ ఫ్రీవీల్‌కి లోపలివైపు ఉంటాయి. దాంతో యాక్సిల్ చివర చాలా పొడవు ఆసరా లేకుండా వేలాడుతుంది. గుంతల్లో పడ్డప్పుడు వంగేదీ విరిగేదీ అక్కడే. షిమానో వాళ్ళు 1978లో ఫ్రీహబ్ అని తెచ్చారు. అందులో బాల్స్‌ని చివరికి జరిపారు, యాక్సిల్‌కి ఆసరా దొరికింది. మీది ఫ్రీవీల్ రకమై, మీ బరువు కాస్త ఎక్కువై, గతుకుల దారిలో తిరిగేవాళ్ళయితే ఏడాదికోసారి యాక్సిల్ చూసుకోవాల్సిందే.

మరి బాగుచేయించాలా, మార్చేయాలా? ఫ్రీవీల్ రకమైతే ఆలోచించకండి. ఫ్రీవీల్ ఒక్కటే మార్చేస్తారు, కొన్ని వందల్లో అయిపోతుంది. ఫ్రీహబ్ రకమై నాలుకలు బంకతో అంటుకున్నాయంతే అనుకోండి, కిరసనాయిలుతో కడిగి, ఆరబెట్టి, పల్చటి ఆయిల్ చుక్కలు వేస్తే సరిపోతుంది. అంచులు అరిగితే మాత్రం కడిగి లాభం లేదు, ఫ్రీహబ్ బాడీ మార్చాలి. కోన్ మీద గుంటలు పడితే కోన్ మార్చుకోవచ్చు. కప్పు మీద గుంటలు పడితే హబ్బే మార్చాలి. అప్పుడు చువ్వలు అల్లించే కూలీ, కొత్త హబ్బు ధర కలిపి చూసి, చాలాసార్లు చక్రం మొత్తం కొనడమే నయం. కొనేముందు ఫోర్కుల మధ్య వెడల్పు కొలుచుకోండి. పాత మౌంటెన్ బైకుల్లో వెనక 135 మిల్లీమీటర్లు ఎక్కువ. డిస్క్ బ్రేకా కాదా, హబ్బు ఒక్కటే కొంటే చువ్వలు 32 నా 36 నా, ఇవీ చూసుకోవాలి.

గ్రీజు గురించి మళ్ళీ చెబుతున్నాను, ఎందుకంటే నేను చేసిన తప్పు అదే. బాల్స్‌కి చిక్కటి గ్రీజు. నాలుకలకి పల్చటి ఆయిల్. ప్రెషర్ నీళ్ళు హబ్బు మీద కొట్టించొద్దు, తడిగుడ్డతో తుడవండి చాలు. సముద్రం దగ్గర తిరిగేవాళ్ళు వానలకి ముందు ఒకసారి, తుపాన్ల కాలం అయ్యాక ఒకసారి విప్పించి చూసుకోండి.

చివరిగా ఒక్క మాట. హబ్బు ఒక్కసారి జారినా సరే, ఆ రోజుకి తొక్కడం ఆపేయండి. సైకిల్ నడిపించుకుంటూ ఇంటికి రండి. ఇంట్లో పిల్లలు వచ్చి పెడల్ జారుతోందంటే, ఆదివారం దాకా ఆగకండి. ఆ సాయంత్రమే చూడండి. మావాడు రెండుసార్లు చెప్పాడు. రెండుసార్లూ నాకు ఖాళీ లేదు. నిజానికి, పది నిమిషాల పని అది.

వాడి కట్టు పోయిన సోమవారం విప్పారు. కొత్త చక్రం నేనే కొన్నాను. కైలాసగిరి ఎప్పుడు ఎక్కుతావురా అంటే, "ముందు నువ్వు తొక్కి చూపించు మామయ్యా" అంటున్నాడు. వచ్చే ఆదివారం నేనే ఎక్కుతాను.

వచ్చే ఎపిసోడ్‌లో గేర్ల సంగతి చూద్దాం. అప్పటిదాకా జాగ్రత్తగా తొక్కండి. ఉంటానండీ, నమస్కారం.