ఫెర్న్ కుండీలో నుసుములు
(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఎ. బకాయిల గురించి, మెడికల్ రీయింబర్స్‌మెంటు గురించి పెద్దలు మాట్లాడారు. నాకిచ్చిన అయిదు నిమిషాల్లో పూలకుండీలో పురుగుల గురించి మనవి చేస్తాను. విషయం చిన్నదే. కాని దీనివల్ల మా ఇంట్లో నాలుగు రోజులు మాటలు లేవు.

మోకాలి ఆపరేషను అయ్యాక మా ఇంటావిడ బయటికి రావడం తగ్గింది. మంచం పక్క కిటికీలో ఉన్న ఫెర్న్ కుండీ ఒక్కటే ఇప్పుడు ఆవిడ తోట. వర్షాకాలంలో ఆ గదిలో చిన్న నల్లటి నుసుములు ముసరడం మొదలైంది. కాఫీ గ్లాసులో అవే, మందుల గిన్నెలో అవే. నేను విచారణ లేకుండానే, "నువ్వు మంచం పక్కన పెట్టుకున్న అరటిపళ్ళ వల్లే" అని తీర్పు చెప్పేసి, పళ్ళు తీయించేశాను. నుసుములు మాత్రం పోలేదు. అయిదో రోజున ఆవిడే, "కుండీ కదిపినప్పుడు లేస్తున్నాయి, ఒకసారి చూడండి" అంది. చూశాను. నిజమే. ఉద్యోగమంతా ఫైళ్ళ మీద 'పరిశీలించవలెను' అని రాసినవాణ్ణి, ఇంట్లో పరిశీలించలేదు.

ఇవి పండు ఈగలు కావు. వీటిని ఫంగస్ న్యాట్స్ అంటారు. రెండు మూడు మిల్లీమీటర్లుంటాయి, దోమలా సన్నకాళ్ళు. కుట్టవు. ఎగిరే పురుగు వారం పది రోజులే బతుకుతుంది గాని, ఈలోగా తడిమట్టిలో వందకు పైగా గుడ్లు పెట్టగలదు. పిల్లపురుగులు పైన రెండు మూడు అంగుళాల మట్టిలోనే ఉండి, బూజునూ కుళ్ళిన ఆకులనూ, ఒక్కొక్కప్పుడు లేత వేళ్ళనూ తింటాయి. గుడ్డు మళ్ళీ ఎగిరే పురుగు కావడానికి మూడు నాలుగు వారాలు. కాబట్టి ఎగిరేవాటిని ఎన్నిటిని కొట్టినా లాభం లేదు.

ఇక్కడ రెండో తప్పు చేశాను. మట్టి ఎండితే పురుగు చస్తుందని విని, పది రోజులు నీళ్ళు ఆపేశాను. కొన్ని మొక్కలు తట్టుకుంటాయి. ఫెర్న్‌కు తేమే ప్రాణం. కొసలు మాడాయి, ఆకులు రాలాయి. ఆవిడ ఏమీ అనలేదు. రాలిన ఆకులు ఏరి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. తిట్టినా బాగుండేదనిపించింది.

తరువాత చేసిన పని చెబుతాను. పచ్చి బంగాళదుంప ముక్క మట్టి మీద పెట్టి, మూడో రోజు తిప్పి చూస్తే, నల్లతల తెల్లపురుగులు కనిపించాయి. అప్పటికి సాక్ష్యం దొరికింది. పైనున్న అంగుళం మట్టిని వేళ్ళు తెగకుండా చెంచాతో తీసి, ఆ మేరకు కడిగి ఎండబెట్టిన ముతక ఇసుక పోశాను. పైనుంచి నీళ్ళు పోయడం మానేశాను. పళ్ళెంలో నీళ్ళు పోసి, కుండీని అరగంట అందులో ఉంచి, మిగిలినవి పారబోస్తాను. వేళ్ళకు తేమ అందుతుంది, పైన ఇసుక పొడిగా ఉంటుంది. పసుపు అట్టకు ఆముదం పూసి కుండీలో గుచ్చితే, ఎగిరేవి దానికి అంటుకున్నాయి. మనిషి పడుకునే గది కనుక పురుగుమందు కొట్టలేదు. ఇంకా తగ్గకపోతే, దోమపిల్లల నివారణకు వాడే బి.టి.ఐ. అనే బాక్టీరియా మందు ఉంది. దీన్ని 1976లో ఇజ్రాయెల్‌లో కనుగొన్నారు. పొట్లం మీద రాసిన మోతాదు దాటకూడదు.

వారంలో తగ్గాయని ఆపేయకండి. మట్టిలో గుడ్లుంటాయి. అయిదారు వారాలు ఓపిక పట్టాలి. ఆరో వారానికి మా అట్ట మీద ఒక్క పురుగూ లేదు. కుండీ నడుమ కొత్త ఆకు చుట్ట చుట్టుకుని లేచింది. ముందుగా చూసింది ఆవిడే, నన్ను పిలిచి చూపించింది.

అరటిపళ్ళు మళ్ళీ మంచం పక్కకే చేరాయి. నా తీర్పు రద్దయింది. క్షమాపణ ఇంట్లో చెప్పుకున్నాను, మీ ముందు కూడా నమోదు చేస్తున్నాను.