ఒంటి నొప్పి వెనక ఉన్న మాట
(ట్వంటే ఆలయ సభ్య కుటుంబాల సమావేశంలో ఒక కుటుంబ వైద్యుని ప్రసంగ పాఠం)

షుగరు, బీపీ గురించి మాట్లాడమని కార్యదర్శిగారు అడిగారు. వాటి గురించి మీరు నాకంటే ఎక్కువే చెప్పగలరు. ఇవాళ వేరే సంగతి మాట్లాడతాను.

2008 మే 2న నర్గీస్ తుఫాను విరుచుకుపడింది. డెల్టాలోనూ మన వైపూ కలిపి లక్షకు పైగా ప్రాణాలు పోయాయి. ఇన్నేళ్ళయినా, మే నెలలో మబ్బు పట్టి గాలి తిరిగితే కొందరు క్లినిక్కుకు వస్తారు. తలనొప్పంటారు, గుండెదడంటారు, నిద్ర పట్టడం లేదంటారు. తుఫాను మాట మాత్రం ఎత్తరు.

మేం ముందు నాడి, బీపీ చూస్తాం. అవసరమైతే ఈసీజీ తీయిస్తాం. దడనంతా మనసు మీదకు నెట్టేస్తే అసలు గుండెజబ్బు దాటిపోతుంది. పరీక్షల్లో ఏమీ కనబడకపోతే "నీకేం లేదు, వెళ్ళు" అనడం కూడా సరికాదు. ఆ నొప్పి నిజమే. అప్పుడు ఒక్కటే అడుగుతాం: "ఇది మొదలైన రోజుల్లో ఇంట్లో ఏం జరిగిందమ్మా?" అడిగి ఊరుకుంటాం. ఆ ఊరుకోవడమే కష్టం, బయట ఇరవైమంది కూర్చుని ఉంటారు కదా!

లండన్‌లో మైకేల్ బాలింట్ అనే ఆయన కుటుంబ వైద్యులను వారం వారం కూర్చోబెట్టి ఇలాంటి రోగుల గురించే మాట్లాడించాడు. 1957లో పుస్తకం రాశాడు. మందులాగే వైద్యుడూ రోగి మీద పనిచేస్తాడని, కాబట్టి ఆ మోతాదు కూడా తెలియాలని ఆయన వాదన. 1998లో అమెరికాలో తొమ్మిది వేలమందికి పైగా పెద్దవాళ్ళను అడిగి చూస్తే, చిన్ననాడు ఇంట్లో దెబ్బలు, అవమానాలు ఎక్కువగా పడ్డవారికి పెద్దయ్యాక దిగులే కాదు, గుండెజబ్బు కూడా ఎక్కువగా కనబడింది.

అలాగని తవ్వి తీయకూడదు. విపత్తులో దెబ్బతిన్నవారిని కథ చెప్పమని ఒత్తిడి చేయొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లోనే చెప్పింది. ఇవాళ చెప్పకపోతే మళ్ళీ వచ్చినప్పుడు చెబుతారు, లేదా చెప్పరు. చచ్చిపోవాలనిపిస్తోందా అన్నది మాత్రం సూటిగా అడుగుతాం. అడిగినందువల్ల ఆ ఆలోచన పుట్టదు.

ఇక మన ఇళ్ళ సంగతి. మామ్మగారికి తెలుగే సులువు, డాక్టరుకు బర్మా భాషే వచ్చు. మధ్యలో పదేళ్ళ మనవడు. మామ్మ రెండు నిమిషాలు చెబుతుంది, వాడు "ఒళ్ళు నొప్పులట" అంటాడు! తప్పు వాడిది కాదు. పోయిన బిడ్డ గురించో, తాగొచ్చి కొట్టిన మొగుడి గురించో వాడి ముందు ఆవిడ ఎలా చెబుతుంది? ఆ మాట మోయడం వాడికీ భారమే. రెండు భాషలూ వచ్చిన, గుట్టు దాచే పెద్ద మనిషిని వెంట తీసుకురండి. ఆడవాళ్ళకు ఆడవాళ్ళయితే మేలు.

చెప్పింది గుడి దాకా పాకుతుందేమోనని కొందరి భయం. ప్రాణానికి ముప్పుంటే తప్ప, మీరు ఒప్పుకోకుండా మీ మాట ఇంట్లోవాళ్ళకు కూడా చెప్పం. అందుకే కొడుకులను, కోడళ్ళను పది నిమిషాలు బయట కూర్చోమంటాం. కోపం తెచ్చుకోకండి. బెంచీ ఉంది, పక్కనే టీ కొట్టు కూడా ఉంది.