తెగిన లంకె – ఆగని వార్త
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాస పాఠము)



పామర్రు నాలుగు దారుల కూడలి. విజయవాడ నుండి బందరు పోవు రహదారి ఇచ్చట గుడివాడ దారిని, కూచిపూడి మీదుగా చల్లపల్లి పోవు దారిని కలిసికొనుచున్నది. ఉయ్యూరు వద్ద చెట్టు కూలి బాట మూసికొనిపోయినచో లారీ డ్రైవరు చేతులు ముడుచుకొని కూర్చుండడు. గుడివాడ మీదుగా హనుమాన్ జంక్షను చేరి, గన్నవరము దారిన విజయవాడ పోవును. దూరము హెచ్చును, ప్రొద్దుపోవును; కాని సరకు చేరును. టెలిఫోను మాటలకును, ఇంటర్నెట్టు వార్తలకును ఇదే న్యాయము.

రెండవ దారి లేనినాడు ఏమగునో ఈ సీమ చక్కగా ఎరుగును. 1977 నవంబరు 19న తుపానుతోపాటు సముద్రపుటుప్పెన దివిసీమను ముంచివేసినది. సుమారు పదివేలమంది అసువులు బాసిరి. తంతి స్తంభములు నేలకూలినవి, బాటలు మూసికొనిపోయినవి. ఆపదలోనున్నవారి కేక బయటివారికి చేరు దారి లేకపోయెను. వార్త ఆలస్యమైనచో సాయమును ఆలస్యమగును. నేడు ఆనాటికంటె గ్రామము తీగలమీద ఎక్కువగా ఆధారపడియున్నది. రేషను దుకాణమునందలి వేలిముద్ర యంత్రము, బ్యాంకు లెక్క, 108 అంబులెన్సును పిలుచు ఫోను – అన్నియు లంకె నిలిచియున్నంతవరకే పనిచేయును.

తెగిన లంకెను దాటి వార్త పోవుట ఎట్లు? అమెరికాలోని రాండ్ సంస్థయందు పాల్ బేరన్ అను ఇంజనీరు ఈ ప్రశ్నను చేపట్టి, 1964లో తన సమాధానమును ప్రచురించెను. తీగలన్నియు ఒక్క నడిమి కేంద్రమునకే పోవుచున్నచో ఆ కేంద్రము పడిననాడు అన్నియు పడును. చేపల వలయందువలె ప్రతి ముడికిని పలు ముడులతో సంబంధమున్నచో కొన్ని పోగులు తెగినను వల నిలుచును. వార్తను చిన్న చిన్న పొట్లములుగా విభజించి, ప్రతి పొట్లమును అప్పటికి దొరికిన దారిన పంపవలయును. నేటి ఇంటర్నెట్టు నడచుచున్నది ఈ పొట్లముల పద్ధతిమీదనే.

ఈ వలయందలి కూడళ్ళలో దారి చూపు యంత్రమునకు రౌటరని పేరు. ఓ.ఎస్.పి.ఎఫ్. అను ప్రసిద్ధ పద్ధతిలో సాధారణముగా 10 సెకండ్లకొకసారి రౌటరు తన పొరుగు రౌటరును పలుకరించును. 40 సెకండ్లవరకు పలుకు వినబడనిచో ఆ లంకె తెగినదని నిశ్చయించును. తీగలోని వెలుగే ఆరిపోయినచో అంతసేపు వేచియుండక వెంటనే గ్రహించును. అంతట ఆ సంగతిని ఇరుగుపొరుగులకు చాటును. ప్రతి రౌటరును తన పటమును దిద్దుకొని, మిగిలిన దారులలో దగ్గరిదానిని మరల లెక్కకట్టుకొనును. ఈ లెక్కకు ఆధారము డైక్‌స్ట్రా అను డచ్చి పండితుడు 1959లో ప్రకటించిన పద్ధతి.

ఇందొక చిక్కు కలదు. కబురు అందరికిని చేరులోపల ఒక రౌటరు క్రొత్త పటమును, వేరొకటి పాత పటమును నమ్మి, ఒకే పొట్లమును అటునిటు త్రిప్పుచుండవచ్చును. అందుచేత ప్రతి పొట్లముమీదను ఒక సంఖ్య ఉండును. కూడలి దాటినప్పుడెల్ల అది ఒకటి చొప్పున తగ్గును. సున్న అయినచో ఆ పొట్లము పారవేయబడును. చేరని పొట్లమును పంపినవారి యంత్రము మరల పంపగలదు. పెద్ద మార్గములందు ఇంత ఆలస్యమునకును తావీయరు. తీగను వలయాకారముగ పరచి, ఒకవైపు తెగినచో సుమారు 50 మిల్లీసెకండ్లలో, అనగా సెకండులో ఇరువదియవ వంతులో, రెండవవైపునకు మరలింతురు. మాటాడుచున్నవానికి అంతరాయమే తోచదు.

అయినను యంత్రము ఉన్న దారిని వెదకునేగాని లేని దారిని కల్పింపజాలదు. కావున మనుష్యులు ముందుగా చూచుకొనవలసినవి మూడు కలవు.

మొదటిది, రెండు దారులును నిజముగా వేరై యుండవలెను. పామర్రు నుండి గుడివాడకు పోయి, అచ్చటినుండి కంకిపాడు చేరువానికి ఉయ్యూరు అడ్డు తప్పును. కాని బాట కంకిపాడునకును విజయవాడకును నడుమ తెగినచో ఆ చుట్టుదారి కొరగాదు. 2008 జనవరి 30న ఈజిప్టులోని అలెగ్జాండ్రియా సమీపమున సముద్రగర్భమందలి రెండు పెద్ద కేబుళ్ళు తెగి, భారతదేశపు ఇంటర్నెట్టు మిక్కిలి మందగించెను. పేరునకు దారులు రెండు. పోయినది ఒక్క నీటిగుండ! సింగపూరువైపు తూర్పుదారి నిజముగా వేరై యుండుటచేతనే కొంత రాకపోకలు సాగినవి. ఒకే వంతెనమీద కట్టిన రెండు తీగలును వరదకు ఒక్క తీగయే.

రెండవది, చుట్టుదారికి తగిన వెడల్పు ఉండవలెను. రహదారి బండ్లన్నియు కాలువగట్టుమీదికి మరలినచో గట్టును మూసికొనిపోవును. అట్టి వేళ సినిమా బొమ్మలకంటె వైద్యుని పిలుపు ముందు పోవునట్లు ఏర్పాటుండవలెను.

మూడవది, పరీక్ష. వాడని తలుపు గడియ తుప్పుపట్టును. అక్టోబరు, నవంబరు తుపానులకు ముందే ఒక దారిని ఆపి, రెండవది పనిచేయుచున్నదో లేదో చూడవలెను. టవరునకు విద్యుత్తు పోయినచో బ్యాటరీ ఎంతసేపు నిలుచునో, డీజిలు ఎవరు తెత్తురో అప్పుడే తెలిసికొనవలెను.

అన్ని తీగలును పోయిననాటికి ఆకాశమార్గ మొకటి కలదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమున ఫోనులను మూగవోజేసినప్పుడు హామ్ రేడియోవారు వార్తలు అందించిరి. ఉత్సాహవంతులగు యువకులు పరీక్ష యిచ్చి, ప్రభుత్వ లైసెన్సు పొంది ఈ విద్యను నేర్వవచ్చును. దానికి కావలసిన పుస్తకములను అలమారలో చేర్చుట గ్రంథాలయమునకు తగిన పని. ఊరికి వచ్చు తీగ ఏ వంతెనమీదుగా వచ్చుచున్నది, రెండవ తీగ ఎటనుండి వచ్చుచున్నది అని అడుగుట గ్రామస్థులకు తగిన పని. ఆ ప్రశ్నను మబ్బు పట్టకముందే అడుగుట మేలు.