మోటారు మోయు బరువును ముల్లు చెప్పునా?

ఖమ్మము దాటి భద్రాచలము అడవులవైపు సాగినకొలది మోటారులు చేయు చాకిరి కంటబడుచునే యుండును. అశ్వాపురము, బూర్గంపాడు పొలములలో అవి నీరు తోడును. 1871లో డాక్టరు విలియం కింగ్ బొగ్గును కనుగొనిన ఇల్లెందు సీమలోను, కొత్తగూడెములోను బొగ్గు మోయు బెల్టులను త్రిప్పును. నడచుచున్న మోటారు ఎంత బరువు లాగుచున్నదో దానిని విప్పకయే తెలిసికొనుట ఎట్లు? ఈ విషయమునే నేడు ముచ్చటించుచున్నాము.

మోటారు ఇరుసునకు గల త్రిప్పుబలమును ఇంజనీర్లు టార్క్ అందురు. రెండు సెంటిమీటర్ల వ్యాసార్ధము గల కప్పీకి కిలో బరువు వ్రేలాడదీసి నిలుపుటకు కావలసిన టార్క్ ఇంచుమించు 0.2 న్యూటన్ మీటరు.

రైతు స్టార్టరు పెట్టెపై నుండు ఆమ్మీటరు ఈ బలమునకు కొంతవరకు సాక్షి. ఐదు అశ్వశక్తుల మూడు ఫేజుల మోటారు నిండు బరువుతో నడచునపుడు ఒక్కొక్క తీగలో సుమారు 7 ఆంపియర్లు ప్రవహించును. బావిలో నీరు తగ్గినచో ముల్లు దిగును. బేరింగు పట్టివేసినచో ఎక్కును. అయినను ఊరక తిరుగు మోటారు సైతము అయస్కాంతత్వము కొరకు మూడవ వంతో, అంతకు మించియో కరెంటు తీసికొనును. కనుక సగము కరెంటన్న సగము బరువని అర్థము కాదు. లైను చివర వోల్టేజి పడిపోయినపుడు అదే బరువునకు కరెంటు పెరుగును. కావున రెండు ముండ్లను కలిపి చూడవలెను. శాశ్వత అయస్కాంతము గల డి.సి. మోటారు మాత్రము నిజాయితీ గలది: దాని టార్క్ కరెంటుకు అనులోమముగా నుండును.

ఇక స్టెప్పర్ మోటారు సంగతి వేరు. ప్రింటర్లలో కాగితమును జరుపునది ఇదియే. ఒక చుట్టును సాధారణముగా 200 అడుగులుగా, అడుగునకు 1.8 డిగ్రీల చొప్పున వేయును. దానిని నడుపు సర్క్యూటు తీగచుట్టలలో కరెంటును నిర్ణీత ప్రమాణమున నిలిపియుంచును. బరువున్నను లేకున్నను ఆ కరెంటు మారదు. కనుకనే పనిలేక నిలిచియున్నపుడును ఇది వేడెక్కును. బరువు పెరిగినపుడు మారునది కరెంటు కాదు, రోటరు వెనుకబాటు. గరిష్ఠ బలములో సగము బరువునకు రోటరు 0.6 డిగ్రీ వెనుకబడును. వెనుకబాటు 1.8 డిగ్రీలు చేరునప్పటికి బలము అంతయు వెచ్చమగును. ఆపైన అడుగులు తప్పును. ముల్లు మాత్రము కదలదు.

ఇది పుస్తకములకే పరిమితమైన విషయము కాదు. అడవి పల్లెనుండి భద్రాచలము చేరిన రోగికి మందును చుక్కచుక్కగా నెట్టు సిరంజి పంపులలో పెక్కింటిని నడుపునది స్టెప్పర్ మోటారే. గొట్టము మడతపడినచో మందు ఆగును. మోటారు కరెంటునే నమ్మినచో ఆ ఆపద తెలియదు. అందుచేతనే అట్టి యంత్రములలో ఒత్తిడిని కొలుచు సాధనమును వేరుగా అమర్చెదరు.

అట్లని విద్యుత్తు ద్వారా తెలిసికొనుటకు మార్గమే లేదనరాదు. తిరుగు రోటరు తీగచుట్టలలో వ్యతిరేక విద్యుచ్ఛాలక బలమును పుట్టించును. కరెంటుకు, దానికి గల కాలభేదమును బట్టి వెనుకబాటును, దాని నుండి టార్క్‌ను అంచనా వేయవచ్చును. సర్క్యూటు సరఫరానుండి తీసికొను మొత్తము శక్తిని కొలిచి, వేడిగా పోవు భాగమును తీసివేసినను లెక్క దొరకును. కాని మోటారు మెల్లగా తిరుగునపుడు ఈ రెండు గుర్తులును క్షీణించును; నిలిచినపుడు మాయమగును.

కాబట్టి యంత్రములు చేయబూనిన యువకులకు మా మనవి ఇది. ముందు కప్పీకి తెలిసిన బరువులు కట్టి, ఒక్కొక్క వేగమునందు కొలతలు వ్రాసికొనుడు. ఆ పట్టికతో సరిపోల్చిన పిదపనే ముల్లు మాటను నమ్ముడు. ప్రాణముతో ముడిపడిన చోట బలమును నేరుగా కొలుచుటయే క్షేమము.