గోండి అంకెల్లో నిలిచిన పాత ధ్వని

ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలోని ఉట్నూరు, జైనూరు ప్రాంతాల్లో గోండులు లెక్కపెడుతుంటే వినండి. రండ్, ముండ్, నాలుంగ్ మనకు ఇట్టే అర్థమవుతాయి. ఐదు దగ్గరకొచ్చేసరికి చెవి ఆగుతుంది: సయ్యుంగ్. ఆరంటే సారుంగ్.

ఆ ముందున్న ‘స’ గోండులు కొత్తగా తగిలించుకున్నది కాదు. ద్రావిడ భాషలన్నిటికీ మూలమైన మూలద్రావిడంలో ఈ రెండు అంకెలూ చకారంతో మొదలయ్యేవని భాషావేత్తల నిర్ధారణ. తెలుగు, తమిళం, కన్నడం దాన్ని ఎప్పుడో పోగొట్టుకున్నాయి. గోండిలోనూ కొన్ని మాండలికాల్లో అది ‘హ’ అయింది, మరికొన్నిట్లో పూర్తిగా రాలిపోయింది. ఉస్మానియాలో భాషాశాస్త్రం బోధించిన భద్రిరాజు కృష్ణమూర్తి 1998లో ఈ మార్పునే మాటమాటా పరిశీలించి వ్యాసం రాశారు. ఎంత ఓపికైన పని అది!

రష్యాలో వోల్గా తీరాన చువాష్ భాషకూ అంకెల్లోనే ఇలాంటి గుర్తుంది. టర్కీ వాళ్ల ‘దొకుజ్’, అంటే తొమ్మిది, చువాష్‌లో ‘తాహార్’. చివరి ‘జ్’ స్థానంలో ‘ర్’. టర్కిక్ కుటుంబం నుంచి ఆ శాఖ చాలా ముందే వేరుపడిందనడానికి అదొక ఆధారం.

మళ్లీ ఆదిలాబాద్‌కొస్తే, అక్కడి కొలాం ఆదివాసుల భాషలో ఐదు నుంచి పది దాకా తెలుగు నుంచి వచ్చినవే. కానీ ఇద్దరు మగవాళ్లయితే ‘ఇద్దర్’, ఇద్దరు ఆడవాళ్లయితే ‘ఈరల్’, రెండు వస్తువులైతే ‘ఇందింగ్’. ఇంత సొగసైన తేడా తెలుగులో లేదు. కొలాం గూడేల బడుల్లో లెక్కల పాఠం ఈ మాటలతోనే మొదలుకావాలని నా గట్టి కోరిక.