ఆ ఆటగాడు ఈ కాలంలో పుట్టి ఉంటే?

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దున్న టిఫిన్ల దగ్గర ఓ వాదన విన్నాను. "మా బాస్కెట్‌బాల్ టీము ముందు ఇప్పటి పిల్లలు నిలవలేరు" అన్నారు మా బ్యాచ్ వాళ్ళు. "మీ రోజుల్లో మూడు పాయింట్ల గీతే లేదు కదండీ" అన్నాడు ఓ తొమ్మిదో తరగతి అబ్బాయి. మావాళ్ళు గతుక్కుమన్నారు. వాడన్నది నిజమే. మేం పదో తరగతి పూర్తి చేసింది 1984లో. అంతర్జాతీయ నిబంధనల్లో ఆ గీత వచ్చిందీ ఆ ఏడాదే. మేం ఆడినన్నాళ్ళూ రింగు కింద నుంచి వేసినా, సగం కోర్టు నుంచి వేసినా రెండే పాయింట్లు.

మరి ఒక కాలం ఆటగాణ్ణి ఇంకో కాలంలో పెట్టి ఎలా తూచాలి? బ్యాడ్మింటన్ చూడండి. మన అమలాపురం కుర్రాడు సాత్విక్ సాయిరాజ్ 2023లో గంటకు 565 కిలోమీటర్ల వేగంతో స్మాష్ కొట్టి గిన్నిస్ రికార్డు సాధించాడు. అది మ్యాచ్‌లో కాదు, ప్రత్యేక పరీక్షలో. అదే ఏడాది చిరాగ్ శెట్టితో కలిసి ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచాడు. అతను తర్ఫీదు పొందిన అకాడమీ పుల్లెల గోపీచంద్ గారిది. గోపీచంద్ 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచినప్పుడు గేమ్ 15 పాయింట్లకు. సర్వీసు చేసేవాడికే పాయింటు. ఎదుటివాడు ర్యాలీ గెలిస్తే సర్వీసు మాత్రమే దక్కేది. 2006 నుంచి గేమ్ 21కి, ప్రతి ర్యాలీకీ పాయింటే.

గోపీచంద్ ఇప్పుడు ఆడితే గెలుస్తారా అని అడిగేవాళ్ళు ముందు ఒకటి తేల్చుకోవాలి. 2001 నాటి మనిషిని ఎత్తుకొచ్చి ఇవాళ్టి కోర్టులో దింపుతున్నారా? లేక ఆయన్ని ఇవాళ్టి పిల్లాడిలా పెరగనిచ్చి చూస్తున్నారా? మొదటిది ఆయనకు అన్యాయం. సాత్విక్ చేతికి పాతకాలపు చెక్క రాకెట్ ఇచ్చి 565 కొట్టమన్నట్టే.

నేను ఇంజనీర్ని కాబట్టి ధవళేశ్వరం గుర్తొస్తుంది. కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయింది. తర్వాత కట్టిన బ్యారేజీకి 175 గేట్లు. గేట్లు లెక్కపెట్టి కాటన్ని తక్కువ చేస్తామా? ఆయనకు ఈ యంత్రాలు లేవు. గోదావరి మాత్రం అదే. ఆ నదిని ఎంత బాగా చదివాడన్నదే కొలత. బాస్కెట్‌బాల్‌లో ఆ నదిలాంటిది రింగు ఎత్తు. అప్పుడూ ఇప్పుడూ 3.05 మీటర్లే.

ఇంత తెలిసినవాణ్ణి, నేను చేసిన పని చెబుతాను. ఆ రోజుల్లో నేను టీము కెప్టెన్ని. మాలో ఒకడు పొట్టివాడు, ఎప్పుడూ దూరం నుంచే వేసేవాడు. పది వేస్తే నాలుగు పడేవి, అంటే ఎనిమిది పాయింట్లు. రింగు కింద మావాళ్ళు పదికి అయిదు వేసేవాళ్ళు, పది పాయింట్లు. లెక్క చూసి వాణ్ణి పక్కన కూర్చోబెట్టాను. "నీ గొప్పలు ఇక్కడ కాదురా" అని కూడా అన్నాను. వాడు మళ్ళీ కోర్టుకి రాలేదు.

అవే నాలుగు బంతులు ఈ రోజుల్లో పన్నెండు పాయింట్లు! అయితే నా తప్పు రాబోయే గీతని ఊహించకపోవడం కాదు. అది ఎవరికీ సాధ్యం కాదు. అంత దూరం నుంచి నాలుగు వేసే చెయ్యి, నాలుగడుగులు ముందుకొస్తే ఎన్ని వేస్తుందో ఒక్కసారైనా చూడలేదు. పాయింట్లు లెక్కపెట్టాను, చెయ్యి చూడలేదు. ఆనాటి నిబంధనలతోనే వాడు మా టీములో ఉండాల్సినవాడు.

వాడు ఇవాళ ఈ సభలోనే ఉన్నాడు. ఒరేయ్, నలభై ఏళ్ళు ఆలస్యమైంది, క్షమించరా.

పిల్లల్ని ఎంపిక చేసే మాస్టార్లకు నాదొక మనవి. పాయింట్లు ఈ ఏటి నిబంధన ఇచ్చేవి. చూపు, చెయ్యి, నేర్చుకునే గుణం ఏ కాలానికైనా పనికొచ్చేవి. జట్టులోకి తీసుకునే ముందు రెండోవాటిని కూడా చూడండి.

సాయంత్రం అయిదింటికి మా బ్యాచ్‌కీ పిల్లలకీ మ్యాచ్ ఉందండి. మూడు పాయింట్ల గీత ఉంటుంది. మా టీములో మొదటి పేరు వాడిదే.